బెయిన్ సర్క్యూట్, సర్కిల్ సర్క్యూట్: ఎన్ని కిలోల దగ్గర మారాలి?

ప్రశ్న

సహోద్యోగులకు నమస్కారం. చిన్న జంతువుల క్లినిక్ నడుపుతున్నాను. ఐసోఫ్లూరేన్ (పీల్చే మత్తుమందు) మెషీన్‌తో పాటు, దాని నుంచి జంతువుకు వాయువు అందించే గొట్టాల అమరికలు, అంటే సర్క్యూట్లు, రెండు వచ్చాయి: ఒక సర్కిల్ (వదిలిన ఊపిరిని శుభ్రం చేసి తిరిగి అందించేది), ఒక బెయిన్ (గొట్టంలో గొట్టం ఉండి, లోపలి దాని నుంచి తాజా వాయువు వచ్చేది). తగిలించడం సులువని ఇన్నాళ్లూ అన్నిటికీ బెయినే వాడాను. ఇప్పుడు బి-టైప్ ఆక్సిజన్ సిలిండర్ రెండు పెద్ద కుక్కల ఆపరేషన్లకే ఖాళీ అవుతోంది. మొన్న గంటన్నర ఆపరేషన్ తర్వాత నాలుగు కిలోల పిల్లి 35 డిగ్రీల ఉష్ణోగ్రతతో వణుకుతూ లేచింది. ఎన్ని కిలోల నుంచి సర్కిల్‌కు మారాలో, పిల్లులకు సర్కిల్ పనికిరాదన్న మాట ఎంతవరకు నిజమో అనుభవమున్నవారు చెప్పగలరు.

మొదటి జవాబు

డాక్టర్ గారూ, మీ సిలిండర్ లెక్కతోనే మొదలుపెడతాను. బెయిన్‌లో సోడా లైమ్ (కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకునే గుళికలు) ఉండదు కాబట్టి జంతువు వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి నెట్టే పని అంతా తాజా వాయువుదే. అందుకే కిలోకు నిమిషానికి 200 నుంచి 300 మిల్లీలీటర్లు ఇవ్వాల్సి వస్తుంది. 25 కిలోల లాబ్రడార్‌కు అది 5 నుంచి 7.5 లీటర్లు. బి-టైప్ సిలిండర్‌లో పట్టేది సుమారు 1,500 లీటర్లు కనుక, నిమిషానికి 6 లీటర్ల చొప్పున నాలుగు గంటల్లో అయిపోతుంది. అదే కుక్కకు సర్కిల్ తగిలిస్తే మొదటి పది పదిహేను నిమిషాలు 2 లీటర్లు ఇచ్చి, మత్తు స్థిరపడ్డాక అర లీటరుకు దించవచ్చు. ఐసోఫ్లూరేన్ ఖర్చు కూడా ఆ మేరకు తగ్గుతుంది. అయితే తక్కువ ఫ్లోలో (వాయు ప్రవాహంలో) వేపరైజర్ (మత్తుమందును ఆవిరిగా వాయువులో కలిపే భాగం) డయల్ తిప్పిన వెంటనే మత్తు మారదు. త్వరగా మారాలంటే కాసేపు ఫ్లో కూడా పెంచాలి.

ఇక మీ పిల్లి వణుకు సంగతి: బెయిన్‌లో పొడిగా, చల్లగా వచ్చే ఆక్సిజన్ పిల్లి శరీరంలోని వేడిని కొంత లాగేస్తుంది. సర్కిల్‌లో అది వదిలిన ఊపిరిలోని వేడి, తేమ కొంత తిరిగి దానికే అందుతాయి, సోడా లైమ్‌లో జరిగే రసాయన చర్య వల్ల కూడా వేడి పుడుతుంది. కానీ తెరిచిన పొట్ట నుంచి, కిందనున్న స్టీలు టేబుల్ వల్ల పోయే వేడి ఇంకా ఎక్కువ. సర్క్యూట్ మార్చినంత మాత్రాన వణుకు ఆగుతుందనుకోకండి. నేనైతే 7 కిలోల లోపు వాటికి బెయినే వాడతాను.

రెండవ జవాబు

లెక్కతో ఏకీభవిస్తాను గానీ, 7 కిలోల హద్దుతో ఏకీభవించలేను. చిన్నపిల్లల కోసం చేసిన సన్నని గొట్టాలు ఉంటే సుమారు 3 కిలోల వరకు సర్కిల్ వాడవచ్చు. చిన్న ప్రాణి సర్కిల్‌లోని వాల్వులను (ఊపిరిని ఒకే దిశలో పోనిచ్చే మూతలను) తెరవలేదన్న భయం కంటే ముందు ఆలోచించాల్సింది డెడ్ స్పేస్ (వదిలిన ఊపిరే మళ్లీ లోపలికి పోయే చోటు) గురించి. వాల్వులు సరిగా పనిచేస్తున్నంతసేపు గొట్టాల పొడవు డెడ్ స్పేస్ కిందికి రాదు. వై-పీస్ (రెండు గొట్టాలు కలిసే జాయింటు) నుంచి జంతువు వైపు ఉన్నదే వస్తుంది. మీ నాలుగు కిలోల పిల్లి ఒక్కో శ్వాసకు తీసుకునేది 40 నుంచి 60 మిల్లీలీటర్లే. నోటి బయటికి నాలుగు వేళ్ల మేర పొడుచుకొచ్చిన శ్వాసనాళపు ట్యూబు, దానికో ఎల్బో (వంపు జాయింటు), ఆపైన పెద్ద సైజు క్యాప్నోగ్రాఫ్ (ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచే పరికరం) అడాప్టర్ తగిలిస్తే ఆ శ్వాసలో చెప్పుకోదగ్గ భాగం అక్కడే తిరుగుతుంటుంది. ట్యూబును ముందు పళ్ల దాకా ఉండేలా కత్తిరించి వాడండి.

మూడవ జవాబు

బెయిన్ వాడేవారు లోపలి గొట్టాన్ని రోజూ పరీక్షించాలని ప్రాధేయపడుతున్నాను. ఒకసారి ఆరు కిలోల కుక్కపిల్లకు క్యాప్నోగ్రాఫ్ గీత శ్వాస తీసుకునేటప్పుడు కూడా సున్నాకు దిగలేదు. ఫ్లో పెంచినా ఫలితం లేకపోవడంతో సర్క్యూట్ మార్చేశాం. తర్వాత విప్పి చూస్తే మెషీన్ వైపు లోపలి గొట్టం జాయింటు నుంచి ఊడిపోయి ఉంది. అంటే బయటి గొట్టం మొత్తం డెడ్ స్పేస్ అయిపోయింది. పరీక్షకు నిమిషం కూడా పట్టదు. 2 లీటర్ల ఫ్లో పెట్టి, సిరంజి ప్లంజర్‌తో లోపలి గొట్టం కొసను కొన్ని క్షణాలు మూస్తే ఫ్లోమీటర్‌లోని బాబిన్ (ప్రవాహం ఎంతో చూపే తేలే బిళ్ల) కాస్త కిందికి దిగాలి. దిగకపోతే ఆ సర్క్యూట్‌ను పక్కన పెట్టండి. ఇంకొక మాట: జంతువుకు బెయిన్ తగిలించి ఉండగా ఆక్సిజన్ ఫ్లష్ (ఒక్కసారిగా ఎక్కువ ఆక్సిజన్ వదిలే బటన్) నొక్కకండి, ఆ ఒత్తిడికి ఊపిరితిత్తులు చిట్లే ప్రమాదముంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. బాబిన్ దిగింది. ఒక సందేహం మిగిలింది: శనివారం ఊదా రంగుకు మారిన సోడా లైమ్ సోమవారానికి మళ్లీ తెల్లబడింది. వాడవచ్చా?

మూడవ జవాబు రాసినవారు

వాడకండి. కదపకుండా ఉంచితే రంగు వెలిసిపోతుంది గానీ, పీల్చే శక్తి తిరిగి రాదు. నాలుగు గుళికలు వేళ్ల మధ్య నలిపి చూడండి; తాజావి పొడి అవుతాయి, అయిపోయినవి రాళ్లలా గట్టిగా ఉంటాయి. నింపిన తేదీ, వాడిన గంటలు డబ్బా మీద టేపు అంటించి రాసుకోండి.