ఆగస్టులో గ్రీసు సైక్లడీస్ దీవులు: రాత్రికి బేలో లంగరా, ఊరి జెట్టీయా?

గాలివాటం (స్టుట్‌గార్ట్):
అందరికీ నమస్తే. ఆగస్టు రెండో వారంలో ఏథెన్స్ దగ్గరి లావ్రియో రేవు నుంచి 12 మీటర్ల తెరచాప పడవ అద్దెకు తీసుకున్నాం, వారం రోజులకి. కేయా, కిత్నోస్, సెరిఫోస్, సిఫ్నోస్ దీవులు చూసి వెనక్కి రావాలని. లైసెన్సు నాకుంది, క్రొయేషియాలో ఒక వారం తిప్పాను కూడా. తగువల్లా రాత్రి మకాం దగ్గరే. రోజూ ఏదో ఒక బేలో లంగరేద్దామని నేను. ఊళ్ళో జెట్టీకి కట్టేసి హాయిగా నిద్రపోదామని మా బావమరిది. మీరెటు?

మోకుముడి:
బేకే నా ఓటు. ఆరు వేసవుల నుంచి ఆ నీళ్ళలోనే తిరుగుతున్నా. గ్రీసులో జెట్టీ అంటే బస్టాండులో బస్సు పెట్టినట్టు కాదండీ. గోడకి నలభై మీటర్ల ముందే లంగరు వదిలి, వెనక్కి నడుపుకుంటూ వచ్చి, పడవ వెనక భాగాన్ని గోడకి కట్టాలి. సాయంత్రం నాలుగింటికి పక్కనుంచి గాలి తోస్తుంటే, హోటళ్ళ ముందు కూర్చున్న జనమంతా మీకేసే చూస్తుంటే, ఆ పని చేసి చూడండి! పొద్దున లేచేసరికి మీ గొలుసు మీద ఇంకో మూడు గొలుసులు. హైడ్రా రేవులో రోజూ ఇదే తంతు.
అదే కిత్నోస్‌లో కోలోనా చూడండి. సన్నటి ఇసుక కట్ట, దానికి రెండువైపులా రెండు బేలు. ఒకవైపు అలలు లేస్తే రెండోవైపు నీళ్ళు పళ్ళెంలో పోసినట్టుంటాయి.

కొంగముక్కు:
మోకుముడి గారూ, పళ్ళెంలో నీళ్ళ సంగతి బాగానే ఉంది, మెల్తెమి మాటేంటి? జులై, ఆగస్టుల్లో అక్కడి ఏజియన్ సముద్రం మీద వీచే ఉత్తరపు గాలికి ఆ పేరు. మన బంగాళాఖాతంలో గాలి ముదిరే ముందు మబ్బయినా పడుతుంది. అక్కడ ఆకాశం తళతళలాడుతుంటుంది, గాలి మాత్రం 30 నాట్లు, అంటే గంటకి 55 కిలోమీటర్లు. మూడు నాలుగు రోజులు ఆగదు.
కొండకి దక్షిణాన దాక్కుంటే చాలనుకున్నాం మేమూ. సెరిఫోస్‌లో లివాడి బేలో దిగాం. అలల్లేవు, నిజమే. కానీ గాలి కొండెక్కి అవతలికి దొర్లి, ఇవతల మన నెత్తిన పడుతుంది, ఆగి ఆగి. రాత్రి రెండింటికి లంగరు జారింది. చీకట్లో పక్క పడవ జర్మన్ ఆయన టార్చి వేసి అరిస్తేగానీ మాకు మెలకువ రాలేదు. మర్నాటి నుంచి జెట్టీయే.

మోకుముడి:
ఎంత లోతులో వేశారు, ఎంత గొలుసు వదిలారు?

కొంగముక్కు:
8 మీటర్లు. 30 మీటర్ల గొలుసు.

మోకుముడి:
అదీ సంగతి. పడవ ముక్కు నీటికి మీటరున్నర ఎత్తు, అంటే మొత్తం తొమ్మిదిన్నర. మామూలు రోజుకే దానికి ఐదింతలు, 47 దాకా వదలాలి. మెల్తెమికి ఏడింతలు, అంటే ఉన్నదంతా. పెట్టెలో 60 మీటర్ల గొలుసు పెట్టుకుని దాచుకుంటే వడ్డీ ఏమైనా వస్తుందా అండీ? ఇంకోటి, కింద ఉన్నది ఇసుకేనా, గడ్డి ఉందా?

కొంగముక్కు:
సాయంత్రం వెలుతురులో నల్లగా కనిపించింది. రాయి అనుకున్నాం.

నీటిపాప:
రాయి కాదు, పొసిడోనియా అనే సముద్రపు గడ్డి అయ్యుంటుంది. ఆ తీరాల్లో నేను డైవింగ్ చేస్తుంటాను. అది నాచు కాదండీ, పూలు పూసే మొక్క, ఈ రకం మధ్యధరా సముద్రంలో తప్ప ఎక్కడా పెరగదు. చేపపిల్లలకి అదే పుట్టిల్లు. దాని మీద లంగరు పట్టదు, పరుపు మీద కొడవలి లాగినట్టు జారుతుంది. పట్టినా వేళ్ళతో సహా పెకలించుకొస్తుంది. ఏడాదికి కొద్ది సెంటీమీటర్లు పెరగడమే గగనం, మీరు ఒక్క రాత్రిలో పీకింది మీ పిల్లల కాలానికైనా పూడదు. యూరప్ చట్టం 1992 నుంచి దాన్ని కాపాడాల్సిన జాబితాలో పెట్టింది. లేత నీలంగా కనిపించే చోటే లంగరు వదలండి. మధ్యాహ్నం ఎండ నెత్తిమీద ఉండగా చేరితే తేడా స్పష్టంగా తెలుస్తుంది. లంగరు వేశాక ఒకరు ఈత కళ్ళద్దాలు పెట్టుకుని దిగి చూసి రావాలి. కొంగముక్కు గారు అది చేసుంటే ఆ జర్మన్ ఆయన నిద్ర చెడేది కాదు.

ఓరుగల్లు_వాసి:
గట్ల దిగి చూసుడు మా ఇంట్ల నాకే పడ్తది. నాకేమో ఈతే రాదు 😀

విశాఖ మామయ్య:
నేవీలో పాతికేళ్ళు చేసి దిగినవాణ్ణి. గాలివాటం బాబూ, అసలు ప్రశ్న వదిలేసి మీరంతా నిద్ర గురించి కొట్టుకుంటున్నారు. లావ్రియో నుంచి సిఫ్నోస్ దాకా గాలి వీపున తోస్తుంది, పోవడం సుఖమే. వెనక్కి తిన్నగా కొలిస్తేనే 50 మైళ్ళ పైన, అదీ గాలికి ఎదురు. అడ్డదిడ్డంగా మలుపులు కొట్టుకుంటూ రావాలి గనక దూరం ఇంకా పెరుగుతుంది. శుక్రవారం సాయంత్రానికి పడవ అప్పగించాలంటే బుధవారమే తిరగాలి. మొదటిసారి ఆగస్టులో అయితే సారోనిక్ గల్ఫులో పోరోస్, ఎపిడావ్రోస్ వైపో, పడమటి అయోనియన్‌లో లెఫ్కాడా, మెగానిసి వైపో వెళ్ళమంటాను. అక్కడ మధ్యాహ్నం లేచిన గాలి చాలామటుకు చీకటిపడేసరికి పడుకుంటుంది.

గాలివాటం:
మామయ్య గారూ, అడ్వాన్సు కట్టేశాం, రేవు మారదు. సిఫ్నోస్ మానేస్తాం. కేయాలో ఊళ్ళోనే, కిత్నోస్‌లో కోలోనాలో రెండు రాత్రులు.

చుక్కాని_చిన్నోడు:
బావా, ఆ బావమరిదిని నేనే. సిఫ్నోస్‌లో వాతి బే చూద్దామని ఆర్నెల్ల నుంచి చెప్తున్నావు, మూసిన గిన్నెలా గుండ్రంగా ఉంటుందని. ఇప్పుడు మానేస్తే అక్కకి నువ్వే చెప్పుకో. కోలోనాకి నేను సరే, గొలుసు మాత్రం నేనే కొలిచి వదుల్తా.

కొంగముక్కు:
యాభైకి తగ్గించకు తమ్ముడూ.