అప్‌డేట్: పాత వాక్యూమ్ క్లీనర్‌కు కొత్త గొట్టం అమర్చాను

పాత వాక్యూమ్ క్లీనర్ గొట్టం పిడి దగ్గర చిరిగిందని, ఆ మోడల్ గొట్టం దొరకడం లేదని ఇంతకుముందు అడిగాను. మీలో ఒకరు సూచించినట్లు, బెంగళూరు ఎస్‌పీ రోడ్డులో 32 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం గల ముడతల గొట్టాన్ని విడిగా కొని, పాత గొట్టం రెండు చివరల నున్న ప్లాస్టిక్ బిగింపులను తిప్పి ఊడదీసి, కొత్తదానికి ఎక్కించాను. వ్యాసం ఒక్కటే సరిపోతే చాలదు. ముడతల మధ్య దూరం కూడా కలవకపోతే బిగింపులోని మరలు పట్టవు కనుక, పాత ముక్కను దుకాణానికి తీసుకువెళ్లడం తప్పనిసరి అని నా అభిప్రాయం. ఇప్పుడు గొట్టం చివరను అరచేతితో మూస్తే మోటారు శబ్దం వెంటనే హెచ్చుతోంది, అంటే మధ్యలో ఎక్కడా గాలి చొరబడడం లేదు. బ్రష్‌కు కరెంటు అందించే తీగలు లోపల ఉన్న గొట్టాలకు మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. సలహా ఇచ్చిన వారికి మనఃపూర్వక కృతజ్ఞతలు.