పాత 10/22కి బ్యారెల్ ఇంట్లోనే మార్చుకోవచ్చా?

ఫ్రిస్కో కుర్రాడు:
అందరికీ నమస్కారం. ఉండేది టెక్సస్‌లో, గ్రీన్ కార్డ్ ఉంది. మా పక్కింటి పెద్దాయన ఇల్లు ఖాళీ చేసి వెళ్తూ తన పాత రూగర్ 10/22 కార్బైన్ (.22 తూటాలు కాల్చే పొట్టి రైఫిల్) నాకు అమ్మారు. చెక్క స్టాక్ (భుజానికి ఆనించే పిడి), 18.5 అంగుళాల బ్యారెల్ (గొట్టం). 25 గజాల దాకా ఫర్వాలేదు. 50 గజాలకు వెళ్తే మాత్రం తూటాలు కాగితమంతా చెల్లాచెదురుగా పడుతున్నాయి. స్కోప్ మార్చి చూశాను, అదే తంతు. యూట్యూబ్‌లో చూస్తే రెండు స్క్రూలు విప్పి బ్యారెల్ మార్చేస్తున్నారు. .920 అంగుళాల మందముండే లావుపాటి 'బుల్' బ్యారెల్ ఒకటి కొందామనుకుంటున్నా. గ్యారేజీలో అలెన్ కీల సెట్టు, ఒక వైస్ ఉన్నాయి, అంతకుమించి సరంజామా లేదు. నేనే చేసుకోవచ్చా, గన్‌స్మిత్‌కి ఇవ్వాలా? ఇంట్లో తుపాకీ విప్పుతాననేసరికి మా ఆవిడకి ఒకటే టెన్షన్.

ఆస్టిన్ శీను:
బ్రదర్, మీకు గ్రీన్ కార్డ్ ఉంది కాబట్టి సరే. ఇది చదివే హెచ్-1బి వాళ్లకు ఒక మాట. నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ, తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉండటంలాంటి కొన్ని మినహాయింపులున్నాయి. మన రూమ్మేట్ బ్యాచ్‌లలో ఇది తెలియనివాళ్లే ఎక్కువ. కొనే ముందు లాయర్‌ని అడగండి.

హ్యూస్టన్ బాబాయి:
చేసుకోవచ్చు తమ్ముడూ, నిక్షేపంగా. 1964లో వచ్చిన ఈ రైఫిల్‌కి ఇన్నేళ్లయినా ఇంత గిరాకీ ఉండటానికి ఒక కారణం ఆ బ్యారెల్ బిగింపే. చాలా రైఫిళ్లలో బ్యారెల్‌ని రిసీవర్‌లోకి (లోపలి యంత్రాంగం ఉండే పెట్టెలాంటి భాగం) మరతిప్పి బిగిస్తారు, దానికి పెద్ద రెంచీ, ప్రత్యేకమైన వైస్ బిగింపులు కావాలి. ఇందులో బ్యారెల్ రిసీవర్‌లోకి నేరుగా దూరుతుంది. కింద వీ-బ్లాక్ అనే చిన్న ఇనుప ముక్క, దానికి రెండు అలెన్ స్క్రూలు. అవి బ్యారెల్‌ని వెనక్కి లాగి పట్టుకుంటాయి. 5/32 అంగుళాల అలెన్ కీ చాలు.

అయితే డబ్బు పెట్టే ముందు ఇది చూడు. ఈ మోడల్ పాత రిసీవర్లకు వెనకవైపు రంధ్రం ఉండదు. అందుకని చాలామంది క్లీనింగ్ రాడ్‌ని మూతి వైపు నుంచి దోపుతారు. ఏళ్ల తరబడి ఆ రాడ్ ఒరుసుకుని, తూటా బయటికొచ్చే చోట అంచు అరిగిపోతుంది. ఆ అంచునే క్రౌన్ అంటారు. అక్కడ ఒకవైపు గీత పడినా తూటా వెనక గ్యాస్ సమానంగా వెలువడదు, తూటా పక్కకి తన్నుకుంటుంది. తుపాకీ ఖాళీ చేసి, బోల్ట్ (తూటాని లోపలికి నెట్టే కడ్డీ) వెనక్కి పెట్టి, మూతి అంచుని టార్చి వెలుగులో భూతద్దంతో చూడు. చెవిలో పెట్టుకునే దూది పుల్లని అంచు చుట్టూ తిప్పితే పీచు ఎక్కడ తగులుకుంటే అక్కడ దెబ్బ ఉన్నట్టు.

తూటాలు కూడా మార్చి చూడు. డబ్బాల్లో గుత్తగా అమ్మే హై వెలాసిటీ రకం కాకుండా సెకనుకి 1070 అడుగుల దగ్గరుండే స్టాండర్డ్ వెలాసిటీ పెట్టె ఒకటి కొను. ఒకే రైఫిల్, రెండు రకాల తూటాలు, రెండు వేరే తుపాకులన్నంత తేడా ఉంటుంది ఒక్కోసారి. నాకైతే సగం బ్యారెల్ మార్పిళ్లు తూటాల పెట్టె మారిస్తే అక్కర్లేకుండా పోయేవే అనిపిస్తుంది.

ఫ్రిస్కో కుర్రాడు:
బాబాయి గారూ, దూది పుల్ల తిప్పితే కింద వైపు స్పష్టంగా తగులుకుంది. లోపల కూడా చివర్లో తుప్పు మచ్చలున్నాయి. స్టాండర్డ్ తూటాలతో కాస్త మెరుగు, కానీ నేననుకున్నంత కాదు. కాబట్టి బ్యారెల్ కొంటున్నా. ఎలా చేయాలో చెప్పండి.

హ్యూస్టన్ బాబాయి:
తుప్పు కూడా ఉందంటే కొత్తదే నయం.

మ్యాగజైన్ తీసెయ్. బోల్ట్ లాగి చాంబర్‌లోకి, అంటే తూటా కూర్చునే చోట్లోకి చూడు, చిటికెన వేలితో తడిమి కూడా చూడు. నువ్వు పని చేసే గదిలోనే తూటాలు ఉండకూడదు. స్టాక్ విప్పేటప్పుడు సేఫ్టీ బటన్‌ని మధ్యలో నిలబెట్టాలి, లేకపోతే అది చెక్కకి అడ్డం పడి రిసీవర్ పైకి రాదు. నీది కార్బైన్ కాబట్టి ముందు బ్యారెల్ బ్యాండ్ (బ్యారెల్‌ని స్టాక్‌కి పట్టి ఉంచే పట్టీ) తీయాలి. రిసీవర్ బయటికొచ్చాక పక్కన ఉండే పిన్నులు వదులుగా ఉంటాయి, వాటంతట అవే జారి టేబుల్ కింద దొర్లుతాయి. కింద తువ్వాలు పరుచుకో.

వీ-బ్లాక్ స్క్రూలు మొండికేస్తే కీని పూర్తిగా లోపలికి దించి నెమ్మదిగా విప్పు. రిసీవర్ అల్యూమినియంది, వైస్‌లో పెట్టి నలపకు. కొత్త బ్యారెల్ దోపేటప్పుడు బోల్ట్ వెనక్కి లాగి ఉంచు. కింద గాడి వీ-బ్లాక్‌కి ఎదురుగా రావాలి. రెండు స్క్రూలనీ ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించు. ఒకటే గట్టిగా బిగిస్తే బ్యారెల్ వాలుతుంది. కండబలం చూపించాల్సిన పని కాదిది, ఆ మరలు కూడా అల్యూమినియంలోనే ఉన్నాయి.

ఇక .920 సంగతి. అది లావు బ్యారెల్, నీ పాత స్టాక్ గాడిలో పట్టదు. గాడి వెడల్పు చేయడమో, వేరే స్టాక్ కొనడమో తప్పదు. గాడి తొలిచినా, వేరే స్టాక్ కొన్నా, డాలర్ నోటు మడతపెట్టి బ్యారెల్‌కీ చెక్కకీ మధ్య జరిపి చూడు, ఎక్కడా ఆగకూడదు. కంపెనీ బిగించిన గురి చూసే సైట్లు బ్యారెల్ మీదే ఉంటాయి కాబట్టి పాత బ్యారెల్‌తో పాటే పోతాయి. నీ స్కోప్ రిసీవర్ మీదుంది, అది అలాగే ఉంటుంది, కానీ జీరో (స్కోప్ గురిని తూటా పడే చోటుకి సరిచేయడం) మళ్లీ చేసుకోవాలి. చాంబర్ బెంట్జ్ రకం అడుగు. పోటీలకు వాడే బిగుతైన మ్యాచ్ చాంబర్లో మామూలు తూటాలు ఇరుక్కుంటాయి.

16 అంగుళాల కంటే పొట్టి బ్యారెల్ జోలికి పోకు. 1934 నాటి చట్టం ప్రకారం అది షార్ట్ బ్యారెల్ రైఫిల్ అవుతుంది, బిగించక ముందే ఏటీఎఫ్ (తుపాకుల వ్యవహారాలు చూసే ఫెడరల్ సంస్థ) అనుమతి ఉండాలి.

హైదరాబాద్ షూటర్:
అన్నా, మధ్యలో వస్తున్నా. ఎవరైనా ఇండియా వచ్చేటప్పుడు ఒక .22 బ్యారెల్ సూట్‌కేసులో తెస్తారా? ఇక్కడ దొరకడం కష్టంగా ఉంది.

ఆస్టిన్ శీను:
అస్సలు వద్దు. ఇక్కడ విడి బ్యారెల్ కొనడానికి ఫెడరల్ బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఉండదు, రిసీవర్‌నే తుపాకీగా లెక్కిస్తారు. కానీ మన 1959 ఆయుధాల చట్టంలో 'ఆయుధాలు' అంటే వాటి విడిభాగాలు కూడా. ఇటు నుంచి పంపడానికి కూడా ఎగుమతి నిబంధనలున్నాయి. ఎయిర్‌పోర్టులో దొరికితే తెచ్చినవాడి గతి అధోగతే. మీ రైఫిల్ అసోసియేషన్‌ని, లైసెన్సున్న డీలర్‌ని అడగండి.

ఫ్రిస్కో కుర్రాడు:
బిగించేశాను. పిన్ను ఒకటి తువ్వాలు దాటి ఫ్రిజ్ కిందకి పోయింది, మా ఆవిడే వెతికిపెట్టింది. మొదట మ్యాగజైన్‌లో ఒక్కటే తూటా పెట్టి కాల్చాను, తర్వాత రెండు, ఆ తర్వాత నిండా పది. ఖాళీ గుల్లలు ఉబ్బలేదు, ఇరుక్కోలేదు. 50 గజాల్లో ఇప్పుడు ఐదూ ఒక రూపాయి బిళ్ల చుట్టుపక్కలే పడుతున్నాయి. బరువు మాత్రం బాగా పెరిగింది, నిలబడి కాల్చాలంటే చేతులు పీకుతున్నాయి.

హ్యూస్టన్ బాబాయి:
బుల్ బ్యారెల్ అంటే అంతే మరి, బెంచీ మీద పెట్టుకో. ఒకట్రెండు పెట్టెలు కాల్చాక ఆ రెండు స్క్రూలూ ఇంకోసారి చూడు. ఈసారి క్లీనింగ్ చేసేటప్పుడు రాడ్ కాదు, చాంబర్ వైపు నుంచి లాగే బోర్ స్నేక్ తాడు వాడు.