ఖిలత్ అంటే కప్పిన బట్టా, విప్పిన బట్టా?

మొన్న ఒకరు ఖిలత్ (పాలకుడు గౌరవంగా కప్పే అంగీ), ఖిలాఫత్ (ఖలీఫా పదవి) ఒకే మాట నుంచి వచ్చాయా అని అడిగారు. కాదండీ. తెలుగులో రాస్తే అక్కాచెల్లెళ్ళలా కనిపిస్తాయి గానీ అరబీలో ధాతువులు వేరు. ఖిలాఫత్, ఖలీఫా (ప్రవక్త తర్వాత ముస్లింలకి పెద్ద) రెండూ ఖ-ల-ఫ నుంచి, అంటే ఒకరి వెనక వచ్చి వారి చోట నిలవడం. ఖిలత్‌లో మూడో అక్షరం ఐన్, గొంతు లోపల పలుకుతారు, మనకి లేదు. ఆ ధాతువుకి అర్థం విప్పడం. దొర తన ఒంటిమీది బట్ట విప్పి కప్పితే అది ఖిలత్. పోనుపోను విప్పేదేమీ లేకుండాపోయింది, కార్ఖానాల్లో నేయించిన అంగీలే ఇచ్చేవారు, పాలకుడి పేరు నేసిన పట్టీతో సహా (ఆ పట్టీని తిరాజ్ అంటారు). మాట మాత్రం అలాగే ఉండిపోయింది.

నాకు భలే అనిపించేది ఏంటంటే, ఖలీఫానో సుల్తాన్నో గద్దె దించడానికి అరబీలో వాడే మాట కూడా ఇదే ధాతువు. హైదరాబాద్‌లో భార్య కోరి తీసుకునే విడాకులని ఖులా అంటారు చూడండి, అదీ ఇదే.

ఈ బట్టకి అంత విలువ ఎందుకో తెలియాలంటే కైరో చూడాలి. 1258లో మంగోలులు బాగ్దాద్‌ని పట్టుకుని అబ్బాసీ ఖలీఫాని చంపేశారు. రెండేళ్ళకి బైబర్స్, ఒకప్పుడు బానిసగా అమ్ముడుపోయిన కిప్చాక్ తురుష్కుడు, తన సుల్తాను కుతుజ్‌ని చంపినవాళ్ళలో ఒకడై ఈజిప్టు గద్దెనెక్కాడు. కత్తి ఉంది, సైన్యం ఉంది, చెప్పుకోవడానికి వంశం లేదు. 1261లో నేను అబ్బాసీ వంశం వాడినంటూ ఒకాయన కైరో చేరాడు. ఖాజీ విచారించి నిజమే అన్నాడు, బైబర్స్ ఆయన్ని ఖలీఫాగా ఒప్పుకుని ప్రమాణం చేశాడు, ఆ ఖలీఫా తిరిగి బైబర్స్‌కి నల్ల తలపాగాతో సహా ఖిలత్ తొడిగాడు (నలుపు అబ్బాసీల రంగు), ఆ వేషంతోనే సుల్తాను గుర్రమెక్కి ఊళ్ళో ఊరేగాడు. ఎవరు ఎవరికి పదవి ఇచ్చినట్టు? పాపం ఆ ఖలీఫాని కొద్దిపాటి దండుతో బాగ్దాద్ వైపు పంపితే ఆ ఏడే మంగోలుల చేతిలో చచ్చిపోయాడు. మరుసటి ఏడు ఇంకొకరు ఖలీఫా.

ఢిల్లీ కథా ఇలాంటిదే. ఇల్తుత్మిష్‌కి 1229లో బాగ్దాద్ నుంచే ఖిలత్ వచ్చింది. ముహమ్మద్ బిన్ తుగ్లక్ అయితే కైరో ఖలీఫా పేరు నాణేల మీద వేయించాడు, ఆ ఖలీఫా 1340లోనే పోయాడన్న కబురు ఇంకా అందక.

మన పాత కొలువు బట్టల్లో వినిపించే కబాయి గురించి అడిగినవారికి: అది అరబీ ఖబా, ముందు తెరుచుకునే పొడవాటి అంగీ. కుళ్లాయి, అంటే టోపీ, పారసీ కులాహ్. రెండూ విజయనగరం కొలువులో వాడుకలోకి వచ్చాయి, శ్రీనాథుడిదని చెప్పే చాటువులో కుళ్లాయి పెట్టుకోవాల్సి వచ్చిందన్న విసుగు మీకు తెలిసిందే. మా ఇంట్లో చంటిపిల్లల టోపీని ఇప్పటికీ కుళ్లాయే అంటారు. మీ వైపు?