తీగచేప పిల్లలకి గొంతు కింద నీటి బుడగ: బూజా, గడ్డిమందా?

చెరువుపాట_రాజాం:
ఊరి చెరువు పాటకి తీసుకుని బంగారుతీగ వేశాను. గుర్రపుడెక్క వేళ్లకి అంటిన గుడ్లు తీసి, చెరువు నీళ్లు పోసిన తొట్టిలో పొదిగిస్తాను. ఈసారి పై పొలాల్లో ఊడ్పులయ్యాక పెద్ద వాన కొట్టి, మళ్లలో నీరంతా చెరువులోకి దిగింది. ఆ తర్వాత పొదిగిన పిల్లల్లో చాలావాటికి గొంతు కింద బుడగలా ఉబ్బింది. అడుగున పక్కకి పడి తోకలు కొట్టుకుంటున్నాయి. పెద్ద చేపలు మాత్రం శుభ్రంగా మేత తింటున్నాయి. షాపులో బూజు అని సీసా ఇచ్చారు. బూజైతే గుడ్డు మీద దూదిలా కనబడాలి కదా?

జువాలజీ_మేష్టారు:
ఆ సీసా పక్కన పెట్టండి. మీరు చెప్పినదాన్ని బట్టి అది గుండె చుట్టూ ఉండే సంచిలో నీరు చేరడం. చేప గుండె మొదట తిన్నని గొట్టం, తర్వాత మెలి తిరిగి రెండు గదులవుతుంది. ల్యాబుల్లో పెంచే జీబ్రా చేపకైతే 24 గంటలకే గుండె కొట్టుకుంటుంది, రెండో రోజుకి మెలిక పడుతుంది. గుడ్డు అద్దంలా ఉంటుంది గనక మైక్రోస్కోపులో అంతా కనబడుతుంది. చూడముచ్చటైన దృశ్యం లెండి. వరిలో వేసే గడ్డిమందు బ్యూటాక్లోర్ గానీ, మొక్కజొన్నలో వేసే అట్రజిన్ గానీ కలిపిన నీటిలో ఆ పిండాలకి ఇలాంటి వాపే వచ్చింది. పెద్ద చేపకి గుండె ఎప్పుడో తయారైపోయింది, అందుకే అదే నీటిలో తిరుగుతోంది. పిల్లలకి ఆ వయసులో ఒంటి మీంచే ఆక్సిజన్ అందుతుంది. గుండె పనిచెయ్యకపోయినా కొన్నాళ్లు బతుకుతాయి.

కానీ నీరు వేడెక్కినా, అమ్మోనియా పెరిగినా కూడా ఉబ్బుతాయి. ఈసారి ఒకే కాన్పు గుడ్లు సగం చెరువు నీళ్లలో, సగం రాత్రంతా నిలవబెట్టిన బోరు నీళ్లలో, పక్కపక్కనే నీడలో పెట్టి చూడండి.

పాలకొండ_రైతు:
బావూ, నాట్లేసిన మూడు నాలుగు రోజులకి బ్యూటాక్లోర్ ఇసకలో కలిపి చల్లుతాం. ఆ నీరు మడిలోనే ఉండాల, బయటికి పోతే మందు డబ్బులు మావే పోతాయి. వానకి గట్టు తెగితే ఏటి సేత్తాం? కలుపుకి మనుషులు దొరకరు, మందు మానమంటే మానలేం. గుడ్లెప్పుడు తీత్తావో పై రైతులకి ముందే సెప్పు. మందేసే వారం నీరొచ్చే కాలవకి అడ్డకట్ట ఏసుకో.

చెరువుపాట_రాజాం:
అలాగే అన్నా. మేష్టారూ, చెరువు గట్టు మీద తుంగకి గ్లైఫోసేట్ కొట్టించమంటున్నారు. అది మట్టికి అంటుకుపోతుందట, చేపకేం కాదట?

జువాలజీ_మేష్టారు:
అంటుకోవడం నిజమే. అయితే ఆకుకి పట్టడానికి అందులో సబ్బులాంటిది కలుపుతారు. కొన్ని రకాల్లో చేపకి గ్లైఫోసేట్ కన్నా అదే ఎక్కువ చేటు. కొడవలితో కోయించండి.