క్రైస్తవులు లేవీయకాండం 23 పండుగలు ఎందుకు చేస్తున్నారు? తెలిసినవాళ్ళు చెప్పండి

సందేహం_తోమా:

అందరికీ వందనాలు. చాలా రోజులుగా బుర్రలో తిరుగుతున్న డౌట్ ఇది, ఎవర్నీ వెక్కిరించడానికి కాదు, నిజంగానే తెలుసుకుందామని అడుగుతున్నా. మా ఆఫీసులో ఒక అక్క ఉంది, యేసుప్రభువుని నమ్మింది, బాప్తిస్మం తీసుకుంది, బైబిల్ నాకన్నా చాలా బాగా తెలుసు. కానీ క్రిస్మస్ చెయ్యదు, ఈస్టర్ చెయ్యదు. పస్కా (ఇశ్రాయేలీయులు ఐగుప్తు బానిసత్వం నుంచి బయటపడ్డ జ్ఞాపకం), పులియని రొట్టెల పండుగ, పెంతెకొస్తు, పర్ణశాలల పండుగ, ఇవీ ఆమె చేసేవి. పర్ణశాలల పండుగకి ఎనిమిది రోజులు లీవ్ అడిగితే మేనేజర్ "ఇదేం పండుగమ్మా, క్యాలెండర్లో లేదే" అన్నాడు, ఈమె తడుముకోకుండా "బైబిల్లో ఉంది సార్" అంది.

నేను ఇంటికెళ్ళి లేవీయకాండం 23 తీసి చూశా. అక్కడ "ఇశ్రాయేలీయుల పండుగలు" అని లేదు, "యెహోవా నియామక కాలములు" అని ఉంది. సరే అనుకుని యోహాను సువార్తకొస్తే "యూదుల పర్ణశాలల పండుగ" అంటాడు. మరి ఎవరివండీ ఇవి? మా పాస్టర్ గారిని అడిగితే "మోషే ధర్మశాస్త్రం కిందికి వెనక్కి పోవడమే" అని ఒక్క ముక్కలో తేల్చేశారు, ఇంకో ప్రశ్న అడిగే ధైర్యం చాల్లేదు. నాకు రెండువైపులా వినాలని ఉంది.


ఎనిమిదోరోజు:

బ్రదర్, మీ ఆఫీసు అక్కలాంటిదాన్నే నేనూ, ఆరేళ్ళ నుంచి. ముందే ఒక మాట చెప్పేస్తా, రక్షణ కోసం చెయ్యట్లేదు. ఇవి చెయ్యకపోతే నరకానికి పోతావని నాకెవరూ చెప్పలేదు, చెప్పుంటే ఆ గుమ్మం తొక్కేదాన్నే కాదు.

మరెందుకు అంటే, కొత్త నిబంధన చదువుతుంటే ముఖ్యమైన సంగతులన్నీ ఈ పండుగల మీదే నడుస్తాయండి. పన్నెండేళ్ళ యేసుని తల్లిదండ్రులు యెరూషలేము తీసుకెళ్ళింది పస్కాకి. సిలువ పస్కాకి. పరిశుద్ధాత్మ దిగింది పెంతెకొస్తు రోజున, చాలామంది ఆ పేరు ఆ రోజే పుట్టిందనుకుంటారు, కాదు, అది అప్పటికే ఉన్న వారముల పండుగ, అందుకే కదా అన్ని దేశాలవాళ్ళు ఊళ్ళో ఉన్నారు. యోహాను 7 నాకు ఇంకా ఇష్టం. పర్ణశాలల పండుగ రోజుల్లో సిలోయము కోనేరు నుంచి బంగారు పాత్రతో నీళ్ళు తెచ్చి ఆలయంలో బలిపీఠం దగ్గర పోసేవాళ్ళట, మిష్నా అనే యూదుల పాత సంప్రదాయాల పుస్తకంలో ఉంది. ఆ పండుగ చివరి మహాదినాన యేసు నిలబడి, దాహం వేసినవాడు నా దగ్గరికి వచ్చి తాగాలి అని కేకేశాడు. పండుగ సంగతి తెలియకుండా ఇరవై ఏళ్ళు చదివాను ఆ వచనాన్ని, మంచి మాట అనుకుని దాటేశాను.

పౌలు కూడా. పులియని రొట్టెల దినాలు అయ్యాక ఫిలిప్పీ నుంచి ఓడ ఎక్కాం అని అపొస్తలుల కార్యములు 20:6లో ఉంటుంది, అదే అధ్యాయంలో పెంతెకొస్తుకల్లా యెరూషలేములో ఉండాలని తొందరపడతాడు, 1 కొరింథీ 16లో పెంతెకొస్తు దాకా ఎఫెసులోనే ఉంటానంటాడు. 27:9లో లూకా సముద్ర ప్రయాణం ప్రమాదం అని చెప్పడానికి "ఉపవాసదినం కూడా అయిపోయింది" అంటాడు, అది ప్రాయశ్చిత్త దినం. చదివేవాళ్ళకి ఆ లెక్క తెలుసులే అన్నట్టు రాశాడు.

ఇక ఇంట్లో ఎలా ఉంటుందంటే, మొదటి సంవత్సరం పులిసినది అంతా తీసేయాలని నేనూ మా ఆయనా మూడు రోజులు ఇల్లు దులిపాం. ఈస్ట్ ప్యాకెట్, బ్రెడ్, బన్నులు అన్నీ బయటికి. బిస్కెట్లలో వేసే వంటసోడా పులిపిండి కిందికొస్తుందా రాదా అని మా ఇద్దరికీ పెద్ద చర్చ (ఇప్పటికీ తేలలేదు, మేం తీసేస్తాం). టోస్టర్ తిరగేసి పేపర్ మీద కొడితే ఎన్నాళ్ళ నాటి పొడో నల్లగా రాలుతూనే ఉంది. హమ్మయ్య అనుకున్నాం. నాలుగో రోజు పొద్దున మా చిన్నోడి స్కూల్ బ్యాగ్ అడుగున, డ్రాయింగ్ పుస్తకం కింద, సగం కొరికిన శాండ్‌విచ్, బూజు పట్టి పచ్చగా. వాడు కావాలని దాచలేదు, మర్చిపోయాడంతే. ఆ రోజు సాయంత్రం కూర్చుని 1 కొరింథీ 5 చదివితే, పాత పులిపిండిని తీసి పారేయండి అన్న మాట అంతకుముందు వినిపించినట్టు వినిపించలేదు నాకు. అక్కడే పౌలు, క్రీస్తు అనే మన పస్కా వధించబడింది కాబట్టి పండుగ ఆచరిద్దాం అంటాడు, రాసింది కొరింథు సంఘానికి, అందులో ఎక్కువమంది అన్యజనుల్లోంచి వచ్చినవాళ్ళే.

వసంతకాలపు పండుగలు ప్రభువు మొదటి రాకతో నెరవేరాయని, ఏడో నెలలో వచ్చేవి, అంటే బూరల పండుగ, ప్రాయశ్చిత్త దినం, పర్ణశాలలు, ఇంకా రాబోయేవాటి గురించని మేం చదువుకుంటాం. జెకర్యా 14లో అన్యజనులు కూడా ఏటేటా పర్ణశాలల పండుగకి వస్తారని ఉంది చూడండి. ఇది మా చదువు, అందరూ ఒప్పుకోవాలని లేదు.


గలతీ5_1:

సిస్టర్, శాండ్‌విచ్ సంగతి నిజంగా బాగుంది, ఆదివారం ప్రసంగంలో వాడుకుంటానేమో కూడా. కానీ ఒప్పుకోలేను. కొలొస్సయులకు 2:16, 17 చూడండి, పండుగ, అమావాస్య, విశ్రాంతిదినం, ఇవి రాబోయేవాటి ఛాయ, నిజస్వరూపం క్రీస్తులో ఉంది అన్నాడు. మనిషి గుమ్మంలో నిలబడ్డాక గోడ మీద నీడని పట్టుకుని మాట్లాడతామా? గలతీ 4:10, 11లో అయితే దినాలు, మాసాలు, ఉత్సవకాలాలు ఆచరిస్తున్నారు, మీ కోసం నేను పడ్డ కష్టం వ్యర్థమైపోతుందేమో అని భయపడుతున్నాను అంటాడు పౌలు, అది మామూలు మాట కాదు. అపొస్తలుల కార్యములు 15లో యెరూషలేము పెద్దలు కూర్చుని అన్యజనులకి ఏం చెప్పాలో తేల్చినప్పుడు విగ్రహాలకు అర్పించినవి, రక్తం, గొంతు పిసికి చంపినవి, జారత్వం, వీటికి దూరంగా ఉండమన్నారు. ఆ ఉత్తరంలో పండుగల ఊసే లేదు.

ఇంకోటి, మీరు చేసేది లేవీయకాండం 23 అసలు కాదు. ఆ అధ్యాయం మళ్ళీ చదవండి, ప్రతి పండుగకీ హోమబలి ఉంది. ద్వితీయోపదేశకాండం 16:16 ప్రకారం మగవాళ్ళందరూ ఏడాదికి మూడుసార్లు దేవుడు ఏర్పరచుకున్న స్థలానికి వెళ్ళాలి. ఆలయం 70లో కూలిపోయింది. బలి తీసేసి, యాత్ర తీసేసి, మిగిలింది మాత్రం "ఆజ్ఞ" అంటే ఆ కత్తిరింపు ఎవరు చేశారు? ఇష్టమై గుర్తు చేసుకుంటున్నాం అనండి, నాకేం పేచీ లేదు, దినాల సంగతి ఎవరి మనసులో వాళ్ళు నిశ్చయించుకోమని రోమా 14 ఉంది. ఆజ్ఞ అంటేనే తేడా వస్తుంది.


పాతపుస్తకాలు:

ఇద్దరూ చెప్పిన వచనాలు సరే, నేను సంఘ చరిత్ర వైపు నుంచి కొంచెం. ఇదేదో ఈమధ్య పుట్టిన పిచ్చి అనుకుంటారు చాలామంది, కానే కాదు. రెండో శతాబ్దంలో ఆసియా ప్రాంతపు సంఘాలు, అంటే ఇప్పటి టర్కీ పడమటి వైపు, ప్రభువు మరణ పునరుత్థానాల పండుగని యూదుల నీసాను నెల 14నే, అంటే పస్కా రోజునే చేసేవి, అది వారంలో ఏ రోజు పడినా సరే. రోమువాళ్ళు ఆదివారమే చెయ్యాలనేవాళ్ళు. సుమారు 155లో స్ముర్న బిషప్ పాలికార్ప్, అప్పటికి బాగా ముసలాయన, రోము వెళ్ళి అక్కడి బిషప్ అనికేతస్‌తో దీని గురించి మాట్లాడాడు. ఆయన ఈయన్ని ఒప్పించలేదు, ఈయన ఆయన్ని ఒప్పించలేదు. అయినా కలిసి ప్రభురాత్రి భోజనం తీసుకున్నారు, అనికేతస్ గౌరవంగా పాలికార్ప్ చేతే ఆ ఆరాధన జరిపించాడు, శాంతిగా విడిపోయారు. తొలి సంఘ చరిత్ర రాసిన యూసేబియస్ పుస్తకంలో ఉంది ఇదంతా. 190 ప్రాంతంలో రోము బిషప్ విక్టర్ వచ్చేసరికి ఆ ఓపిక పోయింది, ఆసియా సంఘాలని వెలివేయబోయాడు, ఎఫెసు నుంచి పాలిక్రతెస్ మేం పెద్దల దగ్గర నేర్చుకున్నదే చేస్తున్నాం అని గట్టిగా ఉత్తరం రాశాడు. 325లో నీకయ సభ అందరూ ఒకే ఆదివారం చెయ్యాలని తేల్చింది.

తేల్చాక కూడా జనం ఆగలేదు, అదీ నాకు సరదాగా అనిపించే సంగతి. 386, 387ల్లో అంతియొకయలో యోహాను క్రిసొస్తొమ్ అనే పేరున్న ప్రసంగీకుడు వరుసగా ప్రసంగాలు చేశాడు, క్రైస్తవులు బూరల పండుగకీ ఉపవాసానికీ యూదుల సమాజమందిరాలకి వెళ్తున్నారని. అందులో యూదుల మీద వాడిన భాష చదవలేం, తర్వాతి శతాబ్దాల్లో ఆ మాటలు ఎంత చెడుకి పనికొచ్చాయో కూడా అందరికీ తెలుసు. కానీ ఆలోచించండి, ఎవరూ వెళ్ళకపోతే అంత అరవాల్సిన పనేముంది? అదే శతాబ్దపు లవొదికయ సభ కూడా విశ్రాంతిదినాన పని మానొద్దని, యూదుల దగ్గర పులియని రొట్టె తీసుకోవద్దని నియమాలు పెట్టింది. పోనిదాన్ని ఎవరూ నిషేధించరు కదా.

ఇదేదీ చెయ్యాలా వద్దా అన్నది తేల్చదు, ఒప్పుకుంటా. కొలొస్సయుల వచనం కూడా రెండు రకాలుగా చదువుతారు, చెయ్యొద్దు అని ఒకరు, మీరు చేస్తున్న తీరు మీద ఎవర్నీ తీర్పు తీర్చనివ్వొద్దు అని ఇంకొకరు. రెండోవాళ్ళకి కింద 21వ వచనంలో "ముట్టుకోవద్దు, రుచి చూడవద్దు" అన్న కఠిన నియమాలవాళ్ళే ఆ తీర్పరులు. గలతీ వచనం మాత్రం ఆ రెండోవాళ్ళకి కొంచెం గట్టి గింజే, అంత తేలిగ్గా పగలదు.


బయటికొచ్చినదాన్ని:

నేను రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించి రాస్తున్నా. నేను పుట్టింది ఈ పండుగలు చేసే గుంపులోనే, పేరు చెప్పను. ఎనిమిదోరోజు అక్కా, మీకు ఎవరూ నరకం అనలేదు, సంతోషం, మాకు అదే అన్నారు. పండుగకి రాకపోతే ఎందుకు రాలేదో సంజాయిషీ. పండుగ ఖర్చుకని మామూలు దశమభాగం కాక ఇంకో దశమభాగం పక్కన పెట్టాలి, అప్పు చేసైనా. నా పదో తరగతి పరీక్ష ఒకటి పండుగ రోజున పడింది, మా నాన్న పంపలేదు, సప్లిమెంటరీ రాసుకున్నా. క్రిస్మస్ కేకు ముక్క తిన్నందుకు మా అన్నయ్యని అందరి ముందూ నిలబెట్టారు, వాడికి తొమ్మిదేళ్ళు.

ఒకటి మాత్రం నిజం చెప్తా, పర్ణశాలల పండుగ అంటే నాకు ఇప్పటికీ ఇష్టం. ఎనిమిది రోజులు అందరం ఒకచోట, రాత్రుళ్ళు బయట పడుకుని కబుర్లు. పండుగది కాదు తప్పు, దాన్ని కర్రలా పట్టుకున్నవాళ్ళది. మీరు మీ పిల్లల్ని బలవంతం చెయ్యకండి చాలు.

ఇంకో చిన్న మాట, కొన్ని సంఘాల్లో యూదుల పస్కా భోజనం యథాతథంగా నాలుగు గిన్నెల ద్రాక్షరసంతో సహా పెట్టి "యేసు చేసింది ఇదే" అంటున్నారు. ఇప్పుడున్న ఆ క్రమం చాలావరకు ఆలయం పోయాక రబ్బీలు, అంటే యూదుల బోధకులు, కూర్చుకున్నది. వాళ్ళ ఇంటి ప్రార్థన తీసుకుని మన పేరు రాసుకున్నట్టుంటుంది, యూదులకి బాధ కలుగుతుంది, న్యాయంగానే.


ఎనిమిదోరోజు:

చెల్లీ, చదివి చాలాసేపు ఏం రాయాలో తోచలేదు. పరీక్ష సంగతికి మాత్రం మా ఆయన కూడా "అలా ఎలా చేస్తారు" అన్నారు. మా చిన్నోడికి ఆ వారం స్కూల్లో పుట్టినరోజు కేకు ఇస్తే తింటాడో లేదో వాడిష్టం, నేను అడగను కూడా.

గలతీ బ్రదర్, కత్తిరింపు ఎవరు చేశారన్నది మంచి ప్రశ్న, తప్పించుకోను. బలుల సంగతి హెబ్రీ 10 చెప్తుంది, ఒక్కసారే అయిపోయిందని. కూడుకోవడం, పని మానడం, గుర్తుచేసుకోవడం అయిపోయాయని అక్కడ నాకు కనిపించలేదు. అయినా "ఆజ్ఞ" అన్న మాట నేను కూడా ఈమధ్య తక్కువగానే వాడుతున్నా. మీరు డిసెంబరు 25 చేస్తారుగా, దానికి వచనం అడిగానా నేను 🙂


గలతీ5_1:

అడగలేదు, అడిగితే నా దగ్గర లేదు కూడా 🙂 అందుకే అది కూడా ఆజ్ఞ అని ఎవరితోనూ అనను.


సందేహం_తోమా:

అందరికీ థాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. ఆ అక్కతో ఇవాళ మాట్లాడా, ఈసారి పస్కా సాయంత్రానికి ఊరికే వచ్చి కూర్చుంటావా అంది, సరేనన్నా. ఒక్కటే కన్ఫ్యూజన్, 2024లో ఈస్టర్ మార్చి 31న అయిపోతే యూదుల పస్కా ఏప్రిల్ 22 సాయంత్రం వచ్చింది, మూడు వారాల తేడా ఏంటి? 2026కి నెట్‌లో ఒకచోట మార్చి 31 సాయంత్రం అని, ఇంకోచోట ఏప్రిల్ 1 సాయంత్రం అని ఉంది. ఏది కరెక్ట్?


పాతపుస్తకాలు:

2024 తేడా అధికమాసం వల్ల. వాళ్ళది చాంద్రమాన లెక్క, పన్నెండు నెలలు కలిపితే 354 రోజులే వస్తాయి, అలా వదిలేస్తే పస్కా వసంతం నుంచి జారిపోతుంది, అందుకని 19 ఏళ్ళలో ఏడుసార్లు ఒక నెల ఎక్కువ కలుపుతారు. ఆ ఏడాది కలిపారు, ఈస్టర్ లెక్క వేరేది కాబట్టి ముందే వచ్చేసింది.

2026వి రెండూ కరెక్టే. వాళ్ళకి రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది, నీసాను 14 మార్చి 31 సాయంత్రం మొదలై ఏప్రిల్ 1 సాయంత్రంతో అయిపోతుంది. యూదులు 14 ముగిసి 15 మొదలయ్యే రాత్రి భోజనానికి కూర్చుంటారు. ఈ పండుగలు చేసే క్రైస్తవుల్లో చాలామంది, ప్రభువు అప్పగించబడిన రాత్రి 14 మొదట్లోనే అని, ఒక రాత్రి ముందే రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటారు. అందరూ కాదు. కాబట్టి ఆ అక్కనే అడగండి బ్రదర్ ఏ సాయంత్రమో, లేకపోతే మీరు వెళ్ళేసరికి తలుపు తాళం వేసుంటుంది.


ఎనిమిదోరోజు:

వెళ్ళేటప్పుడు బేకరీ నుంచి ఏమీ పట్టుకెళ్ళకండి బ్రదర్, పాపం ఇల్లంతా దులుపుకుని ఉంటుంది.