సమస్య: గోడ కన్ను తెఱచి కుమిలి యేడ్చె

నిర్వహణ: ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాం, ముందు మూడూ మీరు కలంపేర్లతో పూరించండి. ఐదూ సూర్యగణాలే (మూడేసి మాత్రలవి), యతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొంతన) గో–కు. గోడమీద గీసిన ముఖం ఎందుకు ఏడ్చిందో పద్యంలోనే తేలాలి. కలికాలం మీదికి నెట్టేస్తే ఒప్పుకోం.

గచ్చుపని:
చెమ్మ యారకుండ చిత్రమ్ము రచియింప
నుప్పు పొంగి చెంప లూడి పడగ
నాల్గు వారములును నాగని తొందరన్
గోడ కన్ను తెఱచి కుమిలి యేడ్చె

యతిమైత్రి: రెండో పాదంలో ఉప్పు–ఊడి స్వరయతి (అచ్చుకు అచ్చు పొంతన), సంధిలో ఉంది, చెల్లుతుంది. కొత్త ప్లాస్టరు ఆరడానికి ఆగాల్సిన 28 రోజుల లెక్క నాల్గు వారాల్లో చక్కగా ఇమిడింది. ఒకటే పేచీ: ఉప్పు కారదు, తెల్లగా పొడిలా పూస్తుంది. మరి కన్నీరేది?

గచ్చుపని: ఉప్పును బయటికి మోసుకొచ్చేది గోడలోని నీరేనండీ. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మిగులుతుంది; ఏడ్చిన చెంపమీద చారలాగే. పైగా పచ్చి ప్లాస్టరులోని క్షారం కొన్ని రంగుల్ని తినేస్తుంది, అందుకే క్షారానికి తట్టుకునే ప్రైమరు వేయాలి. అడుగు చదరం ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగంచులా టేపుతో గోడకు అంటించి రాత్రంతా వదిలేయండి. తెల్లారి లోపలివైపు బొట్లు కనబడితే బ్రష్షు ముట్టొద్దు. పూసిన ఉప్పును పొడి బ్రష్షుతోనే దులపాలి. కడిగితే కరిగి మళ్లీ గోడలోకే పోతుంది.

మెరుపుచుక్క:
పడమ టెండ సోక పాలిపోయె నెరుపు
పసుపు రంగు పిదప పలుచనయ్యె
నలుపు మిగిలె కంట నా చుక్కతోడనే
గోడ కన్ను తెఱచి కుమిలి యేడ్చె

యతిమైత్రి: భేష్! "కంట నా చుక్క" ఆ చుక్కా అవుతుంది, నా చుక్కా అవుతుంది. రెండున్నర పాదాలు మనం బొమ్మను చూస్తుంటే, ఇక్కడ బొమ్మ నోరు విప్పింది. కానీ ఎరుపు ముందు, పసుపు పిదప అన్న వరుస ఖాయమేనా?

మెరుపుచుక్క: కాదు, పట్టేశారు. ఎర్రమట్టి, పచ్చమట్టి జాతి ఇనుప ఆక్సైడ్లు ఎండకు నిలుస్తాయి. పెదాలకు వాడే నిగనిగల ఎరుపులు, నిమ్మపసుపులలో చాలావరకు తొందరగా వెలుస్తాయి. "పిదప" తీసి "కూడ" పెడతాను, అదీ సూర్యగణమే. నలుపు బొగ్గుజాతిది, ఎండకు లొంగదు. ఢిల్లీ ఐటీఓ దగ్గర పాత పోలీసు ప్రధాన కార్యాలయం గోడమీద 2014లో హెండ్రిక్ బైకిర్ష్, అన్పు వర్కీ వేసిన గాంధీ ముఖం కూడా నలుపుతెలుపులదే.

గళ్లదారం: ఆ చుక్క గురించి ఒక మాట. ముఖం 30 అడుగుల ఎత్తు, 20 అడుగుల వెడల్పు అనుకోండి. ముఖం వెడల్పు ఐదు కళ్లంత కాబట్టి ఒక్కో కన్ను 4 అడుగులు. దారం కొట్టి 2 అడుగుల గళ్లు వేస్తే అడ్డంగా రెండు గళ్లలో కన్ను కుదరాలి. పరంజా మీద నిలబడితే అది కన్నులా కనబడదు, నల్ల మడుగులా ఉంటుంది. దిగి రోడ్డు అవతలికెళ్లి చూడాల్సిందే. మెరుపు చుక్క, అంటే కంటిపాపలో వెలుగు చూపే తెల్లచుక్క, అన్నిటికన్నా ఆఖర్న పెట్టాలి, విగ్రహానికి నేత్రోన్మీలనం (కళ్లు తెరిపించడం) చేసినట్టు. రెండు కళ్లలోనూ ఒకే వైపున పెట్టాలి, లేకపోతే చూపు చెదురుతుంది. ఇక నా పూరణ:

మైద జిగురు పూసి మంచి బొమ్మపయిన
పెద్ద పోస్టరంట బెట్టి చనగ
పీకునపుడు రంగు ముక్కలై యూడగా
గోడ కన్ను తెఱచి కుమిలి యేడ్చె

యతిమైత్రి: మొదటి పాదంలో మై–మం సరే. మూడో పాదంలో పీ–ము, యతి తప్పింది. "పెచ్చులై" అనండి, గణం అదే, యతి కుదురుతుంది. పైగా గోడరంగు ముక్కలుగా ఊడదు, పెచ్చులుగానే లేస్తుంది.

గళ్లదారం: పెచ్చులే ఖాయం, దిద్దుకున్నాను.

గచ్చుపని: ఆ పోస్టరును పొడిగా పీకితే రంగూ వెంట వస్తుంది. తడి గోనెపట్టా అరగంట అంటించి ఉంచితే మైదా నానుతుంది, కాగితం అంచు పట్టి నెమ్మదిగా లాగొచ్చు. ముఖం మీద ముందే మెరుపులేని అక్రిలిక్ క్లియర్ కోటు (పారదర్శక పూత) రెండుసార్లు వేసి ఉంటే ఇంకా సులువు. ఆయిల్ వార్నిష్ మాత్రం వద్దు, ఏళ్లు గడిచేకొద్దీ పసుపెక్కి బొమ్మకు కామెర్లు తెస్తుంది.